రెడ్ రమ్ మోసిన బరువు

ఈసారి చరిత్ర ముచ్చట ఒక గుర్రం గురించి. పందెం కాయమని కాదు, ఒక ప్రాణి సత్తాను ఎలా అంచనా వేయాలో చెప్పే కథ ఇది కనుక రాస్తున్నాను.

బెంగళూరు, గిండీ, మహాలక్ష్మి రేసుకోర్సుల పేర్లు విన్న మనకు గుర్రప్పందెం అంటే చదును నేల మీద రెండు మూడు నిమిషాల పరుగే. ఇంగ్లండు, ఐర్లండులలో చలికాలమంతా సాగే స్టీపుల్‌చేజ్ వేరు. అందులో గుర్రం మైళ్ల కొద్దీ పరుగెత్తుతూ ఎత్తైన కంచెలు దూకాలి. వీటిలో పేరు మోసినవి రెండు. చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ ఐదు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అక్కడ మగ గుర్రాలన్నీ ఒకే బరువు మోస్తాయి, కాబట్టి మేలైనదే నెగ్గుతుంది. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ 1970లలో ఏడు కిలోమీటర్ల పైచిలుకు, ముప్పై దూకుళ్లు. ఇది హ్యాండిక్యాప్ పందెం. అంటే గుర్రం ఎంత మంచిదైతే దాని వీపు మీద అంత ఎక్కువ బరువు పెడతారు. కాసిన చెట్టుకే రాళ్ల దెబ్బలన్నమాట. ఒకే ఏడాదిలో ఈ రెండూ గెలిచిన గుర్రం ఇప్పటికీ ఒక్కటే, 1934లో గోల్డెన్ మిల్లర్.

ఇక రెడ్ రమ్ సంగతి. 1965లో ఐర్లండులో పుట్టింది. తండ్రి కోరం మైలు దూరం పందేల్లో పేరు తెచ్చుకున్న గుర్రం. అందుకే ఈ పిల్లను పొట్టి పరుగులకని 400 గినీలకు కొన్నారు. 1967లో దాని మొదటి పందెం దూరం కిలోమీటరే. అదీ ఎయింట్రీలోనే! తర్వాత చేతులు మారుతూ 1972లో 6,000 గినీలకు జింజర్ మెకేన్ దగ్గరికి చేరింది. ఆయనకు పెద్ద శిక్షణశాల లేదు. సౌత్‌పోర్ట్‌లో కార్ల షోరూము వెనక లాయం. గుర్రం యజమాని నోయెల్ లె మేర్ అప్పటికే ఎనభై దాటిన మనిషి. కొన్నాక చూస్తే గుర్రం కుంటుతోంది. డెక్క లోపలి ఎముకకు వాపు జబ్బు. మెకేన్ దాన్ని సముద్రపు నీళ్లలో నడిపించి, ఇసుక తీరం మీదే సాధన చేయించాడు. కుంటు పోయింది.

పుట్టుక, ధర, కాళ్లు, లాయం, ఏది చూసినా ఈ గుర్రానికి గ్రాండ్ నేషనల్ యోగం లేదనే అనాలి. మరి 1973లో ఏమైంది?

ఆస్ట్రేలియా గుర్రం క్రిస్ప్ అత్యధిక బరువు, 12 స్టోన్లు (సుమారు 76 కిలోలు) మోస్తూ మొదటి నుంచీ అందరినీ చాలా వెనక్కి నెట్టేసింది. చివరి కంచె దాటాక అలసిపోయింది. దానికంటే పది కిలోలు తక్కువ మోస్తున్న రెడ్ రమ్ గీత దగ్గర పట్టుకుని, ముప్పావు లెంగ్తు తేడాతో గెలిచింది. సమయం 9 నిమిషాల 1.9 సెకన్లు. గోల్డెన్ మిల్లర్ 1934లో నెలకొల్పిన రికార్డు 18 సెకన్లకు పైగా మెరుగుపడింది. అదే ఏడాది డాంకాస్టర్‌లో ఇద్దరికీ సమాన బరువు పెట్టి పరుగెత్తిస్తే క్రిస్ప్ తేలిగ్గా గెలిచింది. కాబట్టి ఎయింట్రీలో గెలుపు తేలిక బరువు వల్లనే అన్నవారి మాటలో న్యాయం ఉంది.

దానికి జవాబు 1974లో వచ్చింది. ఈసారి 12 స్టోన్లు రెడ్ రమ్ వీపు మీదే. అయినా ఏడు లెంగ్తుల తేడాతో గెలిచింది. 1935, 36లలో గెలిచిన రేనాల్డ్స్‌టౌన్ తర్వాత వరుసగా రెండుసార్లు నెగ్గిన మొదటి గుర్రం ఇదే. కొద్ది వారాలకే స్కాటిష్ గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది.

1974లో రెండో స్థానంలో వచ్చిన లెస్కార్గో రెండు గోల్డ్ కప్పుల విజేత. ఆ ఏడు దాని బరువు రెడ్ రమ్ కంటే 4 పౌండ్లే తక్కువ. 1975లో ఆ తేడా 11 పౌండ్లు అయింది. లెస్కార్గో గెలిచింది, రెడ్ రమ్ రెండోది. 1976లో మళ్లీ రెండో స్థానమే. ఇక పని అయిపోయిందన్నారు. 1977లో పన్నెండేళ్ల వయసులో 73 కిలోలకు పైగా మోస్తూ 25 లెంగ్తుల తేడాతో మూడోసారి గెలిచింది. ఐదేళ్లు, 150 దూకుళ్లు, ఒక్కసారీ పడలేదు. మూడుసార్లు ఈ పందెం గెలిచిన గుర్రం ఇంకొకటి లేదు. 1995లో చనిపోతే ఎయింట్రీలో గెలుపు గీత పక్కనే పాతిపెట్టారు.

దూరపు పందెం గుర్రాన్ని అంచనా వేసేవారు దీన్నుంచి నేర్చుకున్నది ఇదీ: వంశం చూడండి, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఎన్నో స్థానంలో వచ్చిందో కాదు, ఎంత మోస్తూ వచ్చిందో చూడండి. ఆ లెక్కన 1973లో ఓడిన క్రిస్ప్‌ది కూడా గొప్ప పరుగే. 1975లో రెడ్ రమ్ రెండో స్థానం కూడా తీసిపారేసేది కాదు.

వచ్చే నెల మన సంఘం స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు చూడబోతున్నాం. 95 మార్కులకూ 82 మార్కులకూ తేడా అందరికీ కనిపిస్తుంది. ఆ 82 తెచ్చుకున్న పిల్ల పొద్దున ఇంటిపని, సాయంత్రం దుకాణం చూసుకుంటూ చదివిందా అన్నది దరఖాస్తులో ఎక్కడా కనిపించదు. దానికీ ఒక గడి పెడదామా? సభ్యులు ఆలోచించి చెప్పండి.