అరుంధతీ దర్శనము – భాగ్యనగరమున జంట నక్షత్రముల చరిత్ర

వివాహానంతరము వరుడు వధువునకు ధ్రువుని, అరుంధతిని చూపవలెనని ఆపస్తంబ గృహ్యసూత్రము విధించినది. నక్షత్రములు ఉదయించిన తరువాత ఇంటినుండి వెలుపలికి తూర్పునకో ఉత్తరమునకో నడచి చూపవలెనని కూడ ఆ సూత్రము చెప్పుచున్నది. నేడు అబిడ్స్, నాంపల్లి ప్రాంతముల కల్యాణమండపములలో ఈ విధి పలుమారులు పట్టపగలు, పైకప్పు క్రిందనే ముగియుచున్నది. పురోహితుడు వ్రేలు చూపి "కనబడినదా?" అని అడుగును. దంపతులు నవ్వుచు "కనబడినది" అందురు. మంత్రము మిగిలినది, దర్శనము లోపించినది.

చూడవలసినది ఏమి? సప్తర్షి మండలమున తోకవలె సాగిన మూడు నక్షత్రములలో నడిమిది వసిష్ఠుడు. ఆయనను ఆనుకొనియున్న చిన్న చుక్క అరుంధతి. పాశ్చాత్యులు వీరిని మిజార్, ఆల్కార్ అని పిలుతురు. ఆ పేర్లు అరబ్బీ భాషనుండి వచ్చినవి. వసిష్ఠుని కాంతిలో అరుంధతి కాంతి సుమారు ఆరవ వంతు మాత్రమే. ఇరువురి నడుమ ఎడము సుమారు 12 కళలు, అనగా పూర్ణచంద్ర బింబపు వ్యాసములో అయిదింట రెండు వంతులు. ఆయువు తీరవచ్చిన వానికి అరుంధతి, ధ్రువుడు, ఆకాశగంగ కనబడవని సుశ్రుత సంహిత అరిష్ట లక్షణములలో పేర్కొన్నది.

ఈ సూక్ష్మ నక్షత్రమును చూపు పద్ధతియే వేదాంతమున న్యాయమైనది. అరుంధతిని చూపదలచినవాడు మొదట సమీపమందలి స్థూల నక్షత్రమును చూపి "ఇదియే అరుంధతి" అనును. దృష్టి అచట నిలిచిన పిదప దానిని విడిపించి, అసలైన అరుంధతిని చూపును. బ్రహ్మసూత్ర భాష్యమున, ప్రథమాధ్యాయ ప్రథమ పాదమందలి ఎనిమిదవ సూత్రము వద్ద, శంకర భగవత్పాదులు ఈ దృష్టాంతమును గ్రహించిరి. స్థూలమును పట్టుకొనక సూక్ష్మము చిక్కదు. స్థూలమును విడువకున్నను సూక్ష్మము చిక్కదు.

దూరదర్శిని చరిత్ర ఈ న్యాయమునకు మరియొక ఉదాహరణము వలె నడచినది. 1617లో ఇటలీ దేశమున కాస్తెల్లి, గెలీలియోలు తమ యంత్రముతో చూడగా, వసిష్ఠుడే రెండు నక్షత్రములుగా విడివడెను. ఆ రెంటి ఎడము సుమారు 14 వికలలు. 1857లో అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో జార్జి బాండ్ ఈ జంటను ఛాయాచిత్రమున బంధించెను. ఛాయాచిత్రమునకు ఎక్కిన తొలి జంట నక్షత్రమిదియే. 1889లో అదే వేధశాలకు చెందిన పికరింగ్, ఆ రెంటిలో ప్రకాశవంతమైనది తిరిగి రెండని వర్ణపట పరిశీలనచే ప్రకటించెను. అవి సుమారు ఇరువది దినములకొకమారు పరిభ్రమించును. రెండవది కూడ జంటయేనని తరువాత తేలెను. 2009లో అరుంధతికి సైతము ఒక మసక సహచరి కలదని తెలిసెను. ఒక్కటని చూపబడినది ఆరైనది. ప్రతిమారును "ఇంతే" అనుకొన్నదానిని విడువవలసి వచ్చెను.

ఇచట ఒక జాగరూకత అవసరము. ఇతర జంటలలో ఒకటి నిలిచి మరియొకటి తిరుగుననియు, అరుంధతీ వసిష్ఠులు మాత్రమే పరస్పరము తిరుగుదురనియు, ఇది ఎరిగియే ఋషులు వివాహమున చూపిరనియు ఒక వాదము నేడు విస్తారముగా ప్రచారమగుచున్నది. గృహ్యసూత్రములందు ఆ మాట లేదు. జంట నక్షత్రములన్నియు ఉమ్మడి గురుత్వ కేంద్రము చుట్టును తిరుగును. అరుంధతీ వసిష్ఠుల నడుమ నిజముగా అట్టి బంధము కలదా అనునది చిరకాలము చర్చనీయాంశమే. కలదన్నను, ఆ చలనము తరతరములు చూచినను కంటికి తెలియునది కాదు. ఋషులు చూపినది స్థైర్యమును, పాతివ్రత్యమును. ఆ ఉపదేశమునకు లేని గొప్పను అతికించుట దానిని చిన్నబుచ్చుటయే. సత్యమును పూజించు ధర్మమునకు అసత్యపు అలంకారమేల?

చూచుట అనగా శ్రమించుట. దక్షిణాపథమున ఆ శ్రమకు పెద్ద చరిత్ర కలదు. 1689 డిసెంబరున పుదుచ్చేరిలో జెసూయిట్ మతాచార్యుడు రిషో, ఒక తోకచుక్కను పరిశీలించుచు, ఆల్ఫా సెంటారి నక్షత్రము జంటయని కనుగొనెను. భాగ్యనగరమున ఆరవ నిజాము కాలమందు, ఆయన కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము అబిడ్స్‌కు పేరిచ్చిన ఆ తరములోనే, నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళముల దూరదర్శినిని ఇంగ్లండునుండి తెప్పించి 1901లో ఫిసల్‌బండలోని తన ఆవరణమున వేధశాలను స్థాపించెను. ఒకరి పెరటి అభిలాషగా మొదలైన ఆ కార్యమే నిజామియా వేధశాల. ఆయన అనంతరము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు తరలించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను.

ప్రపంచ వేధశాలలు ఆకాశమును పంచుకొని నక్షత్ర పట్టికను సిద్ధపరచుచుండగా, నిజామియాకు కూడ ఒక భాగము లభించెను. పోకాక్, ఆయన తరువాత 1918 నుండి 1944 వరకు టి.పి. భాస్కరన్ నాయకత్వమున, గాజు ఫలకములపై పడిన ఒక్కొక్క చుక్కను కొలిచి, 7,60,000కు పైగా నక్షత్రముల స్థానములను 12 సంపుటములలో ప్రకటించిరి. ఆ వేధశాల సహాయకుని కుమారుడే వేణు బప్పు. అబిడ్స్ చేరువనున్న నిజాం కళాశాలలో చదివి, హార్వర్డునకు వెళ్ళి, 1949లో తన పేరుగల తోకచుక్కను కనుగొనెను. 1968లో రంగాపురమున నెలకొన్న 48 అంగుళముల దూరదర్శినితో ఆచార్య కె.డి. అభ్యంకర్, ఆయన సహచరులు, శిష్యులు గ్రహణ జంట నక్షత్రములను పరిశోధించిరి. అట్టి జంటలో ఒకటి మరియొకదానిని మరుగుపరచునప్పుడు కాంతి తగ్గును. ఆ హెచ్చుతగ్గులను బట్టి, వర్ణపటమును జోడించి, నక్షత్రముల పరిమాణమును, ద్రవ్యరాశిని గణింతురు.

1985లో నౌబత్ పహాడ్‌పై బిర్లా నక్షత్రశాల వెలసినది. అచట గుమ్మటమున కృత్రిమ నక్షత్రములు కనబడును. వెలుపల నిజమైనవి కనుమరుగగుచున్నవి. జనవరినుండి నాంపల్లి ప్రదర్శనశాల మైదానమున వెలుగు నుమాయిష్ దీపములు, ఏడాది పొడవునా అబిడ్స్ వీథులందు వెలుగు దుకాణపు దీపములు అరుంధతి కాంతిని మింగివేయుచున్నవి. సుశ్రుతుని లక్షణము ఒక వ్యక్తికి చెప్పబడినది. నేడు నగరము యావత్తు అరుంధతిని చూడలేకున్నది.

అయినను దర్శనము అసాధ్యము కాదు. మకర సంక్రాంతి దినములలో సప్తర్షులు రాత్రి పది గంటలు దాటిన పిమ్మట ఈశాన్యమున పైకి వత్తురు; బ్రాహ్మీ ముహూర్తమునకు ఉత్తరాకాశమున ఎత్తుగా నిలుతురు. ఆ వేళ వీథి దీపము కంట పడని మిద్దె చాలును. వసిష్ఠుని మొదట పట్టుకొని, కనులు చీకటికి అలవడువరకు వేచి, ఆయన ప్రక్కన వెదకవలెను. కంటికి అందకున్న బైనాక్యులర్ అరుంధతిని చూపును. మూడు అంగుళముల దూరదర్శిని వసిష్ఠుని కూడ రెండుగా చూపును. మాఘ మాసపు వివాహమైనచో, ఆ రాత్రియే నూతన దంపతులను ఒక్క గడియ మిద్దెపైకి పిలుచుకొని పోవుట పెద్దలకు భారము కాదు. సూత్రకారుడు కోరినదియు అంతియే.

స్వస్తి.