ఇంటికి వచ్చిన కంప్యూటరు, ఇంటికి రాని యంత్రశాల

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చినది. హైదరాబాదులోని సాఫ్టువేరు కార్యాలయములు మూతపడగా, వానిలో పనిచేయు యువతీయువకులు పలువురు ల్యాప్‌టాపులను సంచులలో పెట్టుకొని సొంత ఊళ్లకు చేరుకొనిరి. సిద్దిపేట జిల్లాలో గజ్వేలుకు చేరువనున్న జగదేవ్‌పూర్ వంటి మండల కేంద్రములకు నగరము నుండి ఒక పూటలో పోవచ్చును. అయినను కంప్యూటరు దృష్టితో చూచినచో ఈ రెంటి నడుమ దూరము చాల పెద్దది. కార్యాలయములో కరెంటు పోయిన సంగతి కూడ ఉద్యోగికి తెలియదు. అక్కడి గాలి చల్లనిది, దుమ్ము లేనిది. పగలు వ్రాసిన దానికి రాత్రికి రాత్రి మరియొక ప్రతి తయారగుచుండును. ఆ పని చేయువారెవరో కూడ అతడెరుగడు. ఇంట ఇవేవియు లేవు. ముందుగదిలో ఒక బల్ల, గోడకు ఒకటో రెండో ప్లగ్గులు, మూలన ఇన్వర్టరు. ఆ యేడు సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా బడి పాఠములు కూడ ఇంటికే రాగా, ఆ బల్లకు, ఆ ప్లగ్గుకు పోటీ కూడ ఏర్పడినది.

ప్రభుత్వ నిబంధనలు సైతము ఇట్టి స్థితిని ఊహించి వ్రాసినవి కావు. కాల్ సెంటర్లు మొదలగు నమోదైన సంస్థలు తమ ఉద్యోగుల చేత ఇంటి నుండి పని చేయించవలెనన్న, ధరావతు కట్టవలెననియు, ప్రత్యేక అనుసంధానము ఏర్పరుపవలెననియు టెలికాం శాఖ నిబంధనలు ఉండెను. 2020 మార్చిలో ఆ శాఖ వానిని తాత్కాలికముగ సడలించి, నవంబరులో కొత్త మార్గదర్శకములతో చాలవరకు తొలగించినది. కంప్యూటరు ఇంటికి వచ్చుటకు చట్టము దారి ఇచ్చినది. కాని కంప్యూటరు వెంట యంత్రశాల రాలేదు. యంత్రశాల అనగా ఏమో తెలిసినగాని, ఇంటిలోని వాడు సమకూర్చుకొన్న అతుకుల ఏర్పాటునకు గల విలువ తెలియదు.

మన దేశములో తయారైన తొలి కంప్యూటర్లలో ముఖ్యమైనది బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి టిఫ్రాక్. అది 1960లో పని ప్రారంభించినది. 1962లో నెహ్రూ దానికి ఆ పేరు పెట్టెను. అందు 2,700 వాక్యూము గొట్టములుండెను. దాని స్మృతి భాగము ఫెర్రైటు అను అయస్కాంత పదార్థముతో చేసిన సన్నని ఉంగరముల జాలము. తీగలలోనికి ఎక్కించిన ఒక్కొక్క ఉంగరము ఒకవైపునకు అయస్కాంతీకరింపబడినచో 1, రెండవవైపునకైనచో 0. ఒక్కొక్కటి 40 బిట్లు గల 2,048 పదములు అందు పట్టెడివి. విద్యార్థులు గుణించి చూడవచ్చును: 81,920 బిట్లు, అనగా 10,240 బైట్లు. నేడు తెలుగు అక్షరములను కంప్యూటరులో దాచు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క అక్షర సంకేతమునకు 3 బైట్లు కావలెను. 'తెలుగు' అను పదములో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తము ఆరు సంకేతములు, 18 బైట్లు. కావున టిఫ్రాక్ స్మృతి అంతయు ఖాళీచేసి ఇచ్చినను 'తెలుగు' అను మాటను 568 మారులు వ్రాయుటకే సరిపోవును. నేడు ఇంటింట కనబడు ఒక టెరాబైటు డిస్కులో అట్టి స్మృతులు తొమ్మిదిన్నర కోట్లకు పైగా ఇమిడిపోవును.

హైదరాబాదున ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో వెలసినది. దానిని తీర్చిదిద్దిన డాక్టర్ ఎ. ఎస్. రావు, అనగా అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించినవారు. నగరములోని ఒక పెద్ద కాలనీ ఈనాటికిని వారి పేర నున్నది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అను పేరునకు పొడి అక్షరములైన టి.డి.సి. శ్రేణిలో 12వ నంబరు యంత్రము 1969లో వెలువడినది. తరువాత 312, 316 నంబరులవి వచ్చినవి. తెలుగుదేశములో కంప్యూటరు పరిశ్రమకు నాంది ఇదియే. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. అప్పటికి ఈ సంస్థకు మూడు పదుల వయస్సు.

ఆ కాలపు యంత్రశాలలో కంప్యూటరుతో సమానముగ గౌరవింపబడినది దాని పరిసరము. చల్లని గది, నిలుకడగల విద్యుత్తు, టేపులను వరుసగా అమర్చి లెక్క వ్రాయుటకు ఒక ఉద్యోగి. టేపులను దాచు పద్ధతికి ప్రపంచమంతట ఒక ముచ్చటైన పేరుండెను: 'తాత, తండ్రి, కొడుకు'. నేటి లెక్కలను వ్రాసిన టేపు కొడుకు. నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. నేడు పొరపాటున లెక్క చెడినచో తండ్రి కడకు పోవచ్చును. ఆ తప్పు నిన్ననే ప్రవేశించినదని తేలినచో తాత ఉన్నాడు. మూడు తరములు నిండిన పిదపనే పాత తాత టేపును తుడిచి మరల వాడుదురు. కొడుకును, తాతను ఒకే బీరువాలో పెట్టరాదనుట మరియొక నియమము.

కంప్యూటరు ఇల్లు చేరుటతో ఈ నియమములు వెనుకబడినవి. 1984-85లో భారత ప్రభుత్వము పాఠశాలలకై 'క్లాస్' పథకమును ప్రారంభించి, బ్రిటనులో రూపొందిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను ఉన్నత పాఠశాలలకు పంపినది. ఆ దశకములోనే పూనాలో ఒక సంస్థ స్పెక్ట్రమ్ అను ఇంటి కంప్యూటరును తయారుచేసి అమ్మినది. వీనికి హార్డు డిస్కు లేదు. పాటలు వినెడి టేపు రికార్డరే వాని గిడ్డంగి. బి.బి.సి. మైక్రో 0ని ఒక ధ్వనిగను, 1ని అంతకు రెట్టింపు పౌనఃపున్యముగల ధ్వనిగను మార్చి క్యాసెట్టు మీద పాడెడిది. మొదటిది సెకండుకు 1,200 కంపనములు, రెండవది 2,400. సెకండుకు 1,200 బిట్లు పోవును. ఒక్కొక్క బైటునకు మొదలు తుది తెలుపు గుర్తులతో 10 బిట్లు ఖర్చగును గనుక 120 బైట్లు మిగులును. అరగంట నడచు ఒక ప్రక్కలో రెండు లక్షల పదహారు వేల బైట్లు, అనగా ఒక చిన్న పుస్తకము. శబ్దపు మర కొంచెము ఎక్కువైనను, తగ్గినను మరల చదువుట సాధ్యమయ్యెడిది కాదు. అందుచేత అనుభవము గలవారు ప్రతి ప్రోగ్రామును వెంటవెంటనే రెండుమారులు వ్రాసెడివారు. ఎవరును నేర్పకయే, యంత్రశాలలోని నియమమొకటి ఇంట మరల పుట్టినది.

హార్డు డిస్కు చరిత్ర వేరు దారిలో నడచినది. 1956లో ఐ.బి.ఎం. వారు రామాక్ అను యంత్రముతో తొలి డిస్కును అమ్మకమునకు తెచ్చిరి. రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50, బరువు టన్నుకు పైన, సామర్థ్యము 50 లక్షల అక్షరములు. 1980లో సీగేట్ సంస్థవారి చిన్న డిస్కు ఇంచుమించు అంత సామర్థ్యమునే ఐదుంబావు అంగుళముల పళ్లెములలో అమర్చి, బల్ల మీది కంప్యూటరులోనికి చేర్చినది. నేటి డిస్కులో చదువు శీర్షము తిరుగుచున్న పళ్లెమునకు మిల్లీమీటరులో లక్షవ వంతు కంటె తక్కువ ఎత్తున గాలిలో తేలుచుండును. అంత సున్నితమైన వస్తువును మనము చేతిసంచిలో వేసికొని బస్సెక్కుచున్నాము.

ఇక కరెంటు సంగతి. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవర్తనములు గలది. ఒక్కొక్కటి 20 మిల్లీ సెకండులు. బల్ల మీది కంప్యూటరులోని విద్యుత్ సరఫరా పెట్టె, కరెంటు తెగినచో తనలోని కెపాసిటరుల బలమున సుమారు ఒక ఆవర్తనము మాత్రమే నిలువగలదు. ఇంటి ఇన్వర్టరు ఫ్యానుల కొరకు ఏర్పడినది. బ్యాటరీకి మారుటకు అది అంతకంటె ఎక్కువ సమయము తీసికొన్నను ఫ్యానుకు తెలియదు, కంప్యూటరు ఆరిపోవును. అందుచేతనే చాల ఇన్వర్టర్ల వెనుక 'యు.పి.ఎస్.' అని ఒక మీట ఉండును. దానిని ఆ వైపునకు త్రిప్పినచో మార్పు వేగముగ జరుగును. ల్యాప్‌టాపునకు ఈ బాధ లేదు, దాని బ్యాటరీయే దానికి రక్ష. కాని ఇంటర్నెట్టు పెట్టెకు బ్యాటరీ లేదు గనుక దానికి 12 వోల్టుల చిన్న బ్యాటరీని వేరుగ తగిలించుట ఇంటినుండి పనిచేయువారిలో వాడుక అయినది.

కరెంటు తెగిన క్షణమున డిస్కులో జరుగు పని ముచ్చటైనది. తిరుగుచున్న పళ్లెములకు ఇంకను వేగముండును. ఆ భ్రమణముచే మోటారు జనరేటరుగ మారి కొంత విద్యుత్తు పుట్టించును. దానితోనే శీర్షము పళ్లెము మీదినుండి తప్పుకొని తన నెలవు చేరును. సైకిలు డైనమోను ఎరిగిన విద్యార్థికి ఇది వింత గాదు. కావున నేడు కరెంటు పోవుటచే పళ్లెము గీరుకొనుట అరుదు. సగము వ్రాసిన ఫైలు సగముననే నిలిచిపోవుట మాత్రము అరుదు కాదు. కదలు భాగములు లేని ఫ్లాష్ స్మృతికి కుదుపుల భయము లేదు గాని, అందు అక్షరములు బంధింపబడిన విద్యుదావేశములుగ నుండును. వేడిమి పెరిగిన కొలది అవి త్వరగ కారిపోవును. బాగుగ అరిగిన అట్టి డిస్కును కరెంటు లేకుండ తెలంగాణ ఎండలలో నెలల తరబడి అటకపై ఉంచుట మంచి దాపరికము కాదు.

డిస్కు ఎన్నాళ్లు బ్రతుకును? గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను గమనించి 2007లో ఫలితములను ప్రకటించిరి. మొదటి యేట చెడినవి నూటికి 1.7, మూడేండ్ల వయసువానిలో నూటికి 8.6. చెడిన వానిలో సగమునకు పైగా, ముఖ్యమైన హెచ్చరిక గుర్తులలో ఏ ఒక్కటియు చూపలేదు. టకటకమను శబ్దము వినబడినప్పుడు చూచుకొందమనుకొను వానికి ఈ అంకె చాలును.

ఇక్కడ సంభావ్యతా గణితము అక్కరకు వచ్చును. డిస్కు ఒక యేట చెడుటకు అవకాశము నూటికి 8 అనుకొందము. రెండు డిస్కులలో రెండు ప్రతులున్నచో, రెండును ఆ యేటనే చెడుటకు అవకాశము పదివేలకు 64 మాత్రమే. అయితే ఈ గుణకారము ఆ రెండు ప్రమాదములు ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనప్పుడే చెల్లును. రెండు డిస్కులును ఒకే బల్లపై, ఒకే ప్లగ్గుకు తగిలియున్నప్పుడు ఒక పిడుగు గాని, ఒక దొంగ గాని ఆ లెక్కను కొట్టివేయును. ఒకేమారు రెండు డిస్కులపై వ్రాయు ఏర్పాట్లు కలవు. కాలిఫోర్నియాకు చెందిన ముగ్గురు శాస్త్రజ్ఞులు 1988లో చౌక డిస్కుల సముదాయములను గూర్చి వ్రాసిన వ్యాసముతో అవి ప్రసిద్ధికెక్కినవి. అవి డిస్కు చెడినప్పుడు ఆదుకొనును. పొరపాటున ఫైలును తుడిచినచో మాత్రము రెంటిలోను తుడిచివేయును. అచట తాత లేడు.

పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు ప్రచారములోనికి తెచ్చిన '3-2-1' సూత్రము ఈ లెక్కకు తగినది: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒక ప్రతి వేరొక చోట. ఇంటి బల్లకు దీనిని అన్వయించుట కష్టము కాదు. ల్యాప్‌టాపులోనిది ఒకటి. తెర పగిలి మూలబడిన పాత ల్యాప్‌టాపులో లైనక్స్ వేసి, మారిన భాగములను మాత్రమే నకలు తీయు ఆర్‌సింక్ అను ఉచిత ప్రోగ్రామును రాత్రిపూట నడుపుకొన్నచో రెండవది. 1996 నుండి వాడుకలోనున్న ఈ ప్రోగ్రాము పాత యంత్రశాలలోని రాత్రి ఉద్యోగి పనినే చేయును. ఇట్టి ల్యాప్‌టాపు ఎల్లప్పుడు ఛార్జిలోనే ఉండును గనుక దాని పాత బ్యాటరీ ఉబ్బి నిప్పంటుకొను ప్రమాదము గలదు. ఉబ్బు కనబడినచో దానిని వాడుట మాని, తెలిసిన వాని చేత తీయించవలెను. మూడవ ప్రతి విడి డిస్కులో బంధువుల ఇంట ఉండవచ్చును. అది తాళపుమాటతో, రహస్య లిపిలో ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కార్యాలయపు దత్తాంశమునకు ఈ మూడింటిలో దేనియందును చోటు లేదు, అది సంస్థవారి యంత్రశాలలోనే ఉండదగినది. ఇంట దాచవలసినవి పిల్లల ఫొటోలు, భూమి కాగితముల నకళ్లు, సొంతముగ వ్రాసికొన్న ప్రోగ్రాములు మొదలగునవి.

ఇల్లే ప్రతులు తీయు కార్యాలయమగుట తెలుగువారికి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత జీతములపై నియమించి, చెదలు తినుచున్న తాటాకుల నుండి కావ్యములకు ప్రతులు వ్రాయించెను. ఒక ప్రతితో తృప్తిపడక, వేర్వేరు ఊళ్ల ప్రతులను తెప్పించి పోల్చి చూపించెను. ఈ పోల్చుటను నేటి కంప్యూటరువారు సరిచూచుట అందురు, ఇండ్లలో ఎక్కువగ వదలివేయబడు పని ఇదియే. నకలు తీసితిమను నమ్మకముతో సంవత్సరములు గడచును. అవసరము వచ్చిననాడు తెరచి చూడగా ఫోల్డరు ఖాళీ. నెలకొకమారు విడి డిస్కు నుండి ఏదో ఒక ఫైలును తెరచి చూచుటకు ఐదు నిమిషములు చాలును. పాత యంత్రశాలలో ప్రతి టేపు చుట్టకు ఒక కాగితపు చీటీ ఉండెడిది: ఏమి వ్రాసినారు, ఏనాడు వ్రాసినారు, ఏనాడు తుడువవచ్చును. ఇంటి డిస్కు మీద కూడ ఒక చీటీ అంటించి, చివరిసారి తెరచి చూచిన తేదీని పెన్నుతో దానిపై వ్రాయవచ్చును.