పాత ఛాయాచిత్రములలోని పేరులేని జనులు

ఒక దేశము యొక్క చరిత్ర రాగిరేకులమీదను, ఱాతిశాసనములమీదను, కావ్యములలోను, కైఫీయతులలోను నిలిచియుండునని పెద్దలు చెప్పుదురు. అది సత్యమే. కాని శాసనము దానమిచ్చిన రాజును పొగడును. కావ్యము నాయకుని కీర్తించును. సంతకు పోవు రైతు తలపాగా ఎట్లు చుట్టెడివాడో, నూతిగట్టున నీళ్లు తోడు స్త్రీ ఎట్టి కడవను చంకనెత్తుకొనెడిదో వానివలన తెలియుట అరుదు. పందొమ్మిదవ శతాబ్దమున ఈ లోటును తీర్చుటకు ఒక క్రొత్త సాక్షి వచ్చెను. ఆ సాక్షియే ఛాయాచిత్రము.

అయితే సాక్షి చెప్పినదంతయు న్యాయస్థానము వెంటనే నమ్మదు. అతనిని పిలిపించినవారెవరు, అతడు ఎచ్చట నిలిచి చూచెను, చూడక విడిచినదేమి అని విచారించును. భారతదేశపు పాత పటములనుగూడ అట్లే ప్రశ్నించినచో ఒక విషయము స్పష్టమగును. ఆ పటములలో కోటలకు పేర్లున్నవి, గుడులకు పేర్లున్నవి, ప్రభువులకు పేర్లున్నవి. వానియందు కనబడు సామాన్య జనులకు మాత్రము చాలవరకు పేర్లు లేవు. ఇట్లేల జరిగెనో తెలిసికొనుట చరిత్రాభిమానులకే కాక ప్రతి గ్రామస్థునకును ప్రయోజనకరము.

ఛాయాచిత్ర కళను 1839లో పారిస్ నగరమున డాగెర్ అను ఫ్రెంచి దేశస్థుడు లోకమునకు వెల్లడించెను. వెండి పూతగల రాగి పలకపై ప్రతిబింబమును నిలుపుట ఆతని పద్ధతి. మరుసటి యేడే, అనగా 1840లో, కలకత్తాలో ఈ యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. ఇంగ్లండునందు టాల్బట్ కనిపెట్టిన కాగితపు నెగటివు పద్ధతివలన ఒకే పటమునకు అనేక ప్రతులు తీయుటకు వీలయ్యెను. 1851లో ఆర్చర్ అను నతడు గాజు పలక పద్ధతిని ప్రకటించెను. 1854లో బొంబాయియందును, 1856లో కలకత్తా, మద్రాసులందును ఛాయాచిత్ర సంఘములు వెలసెను. మద్రాసులో డాక్టర్ హంటర్ నెలకొల్పిన కళాపాఠశాలలో ఈ విద్యను బోధించిరి. కలకత్తా సంఘమున సభ్యుడైన రాజేంద్రలాల్ మిత్రా నీలిమందు తోటల దొరల దౌర్జన్యమును విమర్శించి ప్రసంగించినందుకు 1857లో ఆ సంఘమును వీడవలసివచ్చెను. కెమెరా ఎవరి చేతిలో నుండెనో ఈ ఒక్క సంగతియే తెలుపును.

ఆనాటి పటములను చూచినవారికి ముందుగా తోచునది వీధుల నిర్జనత్వము. పెద్ద బజారు, పెద్ద గుడి, విశాలమైన ఘట్టము. కాని మనుష్యులు కానరారు. దీనికి కారణము యంత్రమునందే కలదు. 1838లో డాగెర్ పారిస్ నగరపు ఒక రాజవీధిని పటము తీసెను. ఆ వీధిలో బండ్లును జనులును ఎడతెగక తిరుగుచునే యుండిరి. కాని పలకమీద వెలుతురు పడుటకు కొన్ని నిమిషములు పట్టుటచే కదలినవారెవ్వరును పటమునందు నిలువలేదు. బూట్లు తుడిపించుకొనుటకై ఒకచోట నిలిచిన ఒక మనిషియు, తుడుచువాని రూపును మాత్రమే మిగిలినవి. వీధి నిర్జనమై యుండలేదు. యంత్రమే జనమును చూడలేకపోయెను.

గాజు పలక వచ్చిన తరువాత కాలము కొంత తగ్గినను శ్రమ తగ్గలేదు. పలకకు కొలోడియన్ అను జిగురువంటి ద్రవమును పూసి, చీకటి గుడారములో వెండి లవణపు నీటిలో ముంచి, తడి ఆరకమునుపే పటము తీసి, ఆరకమునుపే కడిగి తేల్చవలెను. మన దేశపు వేసవిలో ఆ తడి క్షణములలో ఆరిపోయెడిది. గాజు పలకలు, సీసాలు, గుడారము, నీళ్లు అన్నియు బండ్లమీదను కూలీల తలలమీదను సాగవలెను. అందుచే కదలని కట్టడములే కెమెరాకు ప్రియమైనవి. సంతలు, కుప్పనూర్పిళ్లు, జాతరలు, పిల్లల ఆటలు మొదలగు కదలెడి జీవనము ఆ పలకలపై నిలువలేదు.

మద్రాసు రాజధానిలో 1856 నుండి ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా పనిచేసిన లీనియస్ ట్రైప్ అను సైనికోద్యోగి శ్రీరంగము, తంజావూరు, మధుర మొదలగు స్థలములను పెద్ద కాగితపు నెగటివులపై చిత్రించెను. 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై గల శాసనములను వరుసగా తీసి, 21 పటములను జతపరచి, సుమారు 19 అడుగుల పొడవైన ఒకే చిత్రముగా కూర్చెను. ఇది శాసన పరిశోధకులకు ఉపకరించు గొప్ప కార్యము. ఐనను వ్యయము హెచ్చని తలచి గవర్నరు ట్రెవెల్యన్ ఆ పనిని నిలిపివేసెను. ధనమిచ్చువారు కోరినంతవరకే పటము సాగునని ఇందువలన తెలియును. 1863లో వచ్చిన శామ్యూల్ బోర్న్ హిమాలయములవరకు బరువులు మోయించుకొని పోయి మంచు కొండలను, నదీలోయలను మనోహరముగా చిత్రించెను. ఆ బరువులు మోసిన కూలీల పేర్లు చరిత్రకెక్కలేదు.

1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వమునకు కట్టడములతోపాటు జనులనుగూడ పటములలో చూడవలెనను కోరిక బలపడెను. దాని ఫలితముగా “ది పీపుల్ ఆఫ్ ఇండియా” అను గ్రంథము 1868 నుండి 1875 వరకు ఎనిమిది సంపుటములుగా లండనులో వెలువడెను. ఫోర్బ్స్ వాట్సన్, కే అనువారు సంపాదకులు. అందు 468 పటములు కలవు. చాలవరకు ప్రతి పటము క్రిందను కులము పేరో తెగ పేరో వ్రాసి, వారి స్వభావమెట్టిదో, వారు పాలకులకు విధేయులగుదురో కారో అని వ్యాఖ్యానము చేర్చిరి. మనిషి మాయమై మచ్చుగా మిగిలెను. 1869లో లండను వెళ్లిన సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ ఈ గ్రంథమును చూచి, తన దేశస్థులను అనాగరికులవలె చూపిన తీరునకు మిక్కిలి నొచ్చుకొనెను. పటము అబద్ధమాడకపోవచ్చును, దాని క్రింది వ్రాత అబద్ధమాడగలదు.

ఇంతకంటె దుఃఖకరమైనవి 1876-78 నాటి మహాక్షామపు పటములు. ఆ క్షామము మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతములను పీడించెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు ఘోరముగా దెబ్బతినినవి. అర కోటికి పైగా జనులు మరణించిరని అంచనా. విల్లబీ వాలేస్ హూపర్ అను సైనికోద్యోగి అన్నము లేక ఎముకలగూడులైనవారిని వరుసగా కూర్చుండబెట్టి పటములు తీసెను. తల్లులు, ముసలివారు, పసివారు అందరును కెమెరావైపు చూచుచున్నారు. వారు ఏ యూరివారో, ఎవరి బిడ్డలో, తరువాత బ్రదికిరో లేదో ఆ పటముల క్రింద కానరాదు. మరణించినవారి లెక్క గ్రంథములలో నున్నది. ముఖములు పటములలో నున్నవి. ఆ రెంటిని కలుపు పేర్లు మాత్రము పోయినవి.

ఈ కళను భారతీయులు తమదిగా చేసికొనుట మరియొక అధ్యాయము. వారిలో అగ్రగణ్యుడు రాజా దీనదయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ కొలువున నుండి, 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. తరువాత హైదరాబాదు చేరి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందెను. సికిందరాబాదులోను, బొంబాయిలోను ఆయన స్టూడియోలు వెలసినవి. ఘోషా పాటించు కులీన స్త్రీలకై 1892లో హైదరాబాదునందు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. దర్బారులు, వేటలు, సైనిక కవాతులు, మహలుల లోపలి అలంకారములు ఆయన పటములలో నేటికిని నిగనిగలాడుచున్నవి. కాని కుర్చీలో కూర్చుండిన నవాబు పేరు తెలియును. వెనుక వింజామర పట్టినవాని పేరు తెలియదు. ఏనుగునెక్కిన అతిథి పేరు తెలియును. మావటివాని పేరు తెలియదు. దీనదయాళ్ 1905లో స్వర్గస్థుడయ్యెను. ఆయన గాజు నెగటివులు 2,857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరినవి.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. వరద తీసిన పిదప తీసిన పటములలో కూలిన ఇండ్లు, తెగిన వంతెనలు, మట్టి దిబ్బలు కాననగును. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టునెక్కి సుమారు నూటయేబదిమంది బ్రదికిరని ప్రసిద్ధి. ఆ చెట్టు నేటికిని ఆస్పత్రి ఆవరణలో గుర్తుగా నున్నది. దానినెక్కి బ్రదికినవారి పేర్ల పట్టిక మాత్రము లేదు.

1888లో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరాను, చుట్టెడి ఫిల్మును ప్రచారమునకు తెచ్చుటతో పటము తీయుట సులభమయ్యెను. క్రమముగా కదలెడి మనిషి పటమునందు నిలిచెను. 1943 నాటి వంగదేశపు కరువున సునీల్ జానా, కమ్యూనిస్టు నాయకుడు పి. సి. జోషీతో కూడి గ్రామములు తిరిగి తీసిన పటములు పత్రికలలో వెలువడి దేశప్రజల హృదయములను కదిలించెను. హోమాయ్ వ్యారావాలా 1930ల బొంబాయిలో సామాన్య జనుల దినచర్యను చిత్రించెను. ఆమె దేశమున మొదటి స్త్రీ పత్రికా ఛాయాచిత్రకారిణి. ఐనను ఆమె తొలి పటములు భర్త పేరిట అచ్చయినవి. ఇచ్చట పటములోనివారి పేరే కాదు, పటము తీసిన ఆమె పేరును మరుగుపడెను. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ లభించెను.

దీనికి భిన్నమైన ఉదాహరణము తెలుగునేలమీదనే కలదు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1940 మొదలు హైదరాబాదు సంస్థానమున చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి వేలకొలది పటములు తీసెను. ఆయన పటములు తీయుటతో తృప్తి చెందక, దినచర్యలందు చూచినది చూచినట్లు వ్రాసికొనెను, గ్రంథములు ప్రకటించెను. అందుచే లండనులో భద్రపరచిన ఆ పటములను నేడు చూచువారికి అది ఏ పండుగయో, ఏ పనిముట్టో, ఏ గ్రామమో తెలిసికొనుటకు ఆధారము కలదు. మార్లవాయి గ్రామస్థులు నేటికిని ఆయనను, ఆయన భార్యను స్మరించుచున్నారు. పటమునకు వ్రాత తోడైనచో అది మాటలాడును. వ్రాత లేనిచో మూగబోవును.

పటములు శాశ్వతములును కావు. కలకత్తాలోని బోర్న్ అండ్ షెఫర్డ్ సంస్థయందు 1991లో జరిగిన అగ్నిప్రమాదమున తరతరములుగా కూర్చిన సంపదలో చాలభాగము దగ్ధమయ్యెను. 2016లో ఆ సంస్థయే మూతబడెను. మహానగరమునందే ఇట్లయినచో గ్రామమునందలి పటముల గతి చెప్పనక్కరలేదు. పెండ్లి పందిరిలోని బంధువర్గము, బడిముందు ఉపాధ్యాయునితో నిలిచిన పిల్లలు, చెఱువుకట్ట పనినాటి జనము మొదలగు పటములు ప్రతి ఊరను అటకలమీదను పెట్టెలలోను చెదలకు ఆహారమగుచున్నవి. నేడు సెల్‌ఫోనులతో ఒక్క దినమున తీయు పటములకు లెక్కలేదు. కాని పేరు, తేదీ లేని పటము రేపటివారికి అపరిచితుల గుంపు మాత్రమే.

కావున గ్రంథాలయముల కర్తవ్యము పుస్తకములతో ముగియదు. ఊరిలోని పాత పటములను సేకరించి, యజమానులు ఇయ్యనిచో నకలు తీయించి, దాచుట సాధ్యమైన పనియే. పటమును చదునైన బల్లపై బోర్లించి వెనుక అంచున మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను. సిరా మరక ముందునకు దిగును. అంటు కాగితములు, ప్లాస్టిక్ జిగురు అట్టలు హాని చేయును. ఒక్కొక్కదానిని శుభ్రమైన కాగితపు సంచిలో నుంచి, తేమయు ఎండయు తగలని బీరువాలో పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఊరి వృద్ధులను కూర్చుండబెట్టి ఎవరు ఎవరో అడిగి వ్రాసికొనుట. ఎడమనుండి కుడికి, వరుస తప్పక, జమీందారు మొదలు జీతగాని వరకు అందరి పేర్లును వ్రాయవలెను. తెలియనిచోట ఖాళీ విడువవలెనుగాని ఊహించి నింపరాదు.

ఈ పనికి ధనము కొలదిగనే చాలును. కాలము మాత్రము నిరీక్షింపదు. పటము బీరువాలో వందేండ్లు నిలువవచ్చును. అందున్నవారిని గుర్తుపట్టగల వృద్ధులు అంతకాలము నిలువరు. ఇరువదియైదేండ్లుగా పుస్తకముల జాబితా వ్రాసిన గ్రంథాలయము ఇకమీద ముఖముల జాబితాగూడ వ్రాయ మొదలిడినచో, హూపర్ పటములలోని తల్లులకు కలుగని భాగ్యము ఈ ఊరి తల్లులకైనను కలుగును.