మారుతి 800లో ఇంజన్ వేడెక్కడం

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800ది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్. హెడ్ అల్యూమినియంది కాబట్టి అతిగా వేడెక్కితే వంగిపోతుంది, గాస్కెట్ దెబ్బతింటుంది. టెంపరేచర్ ముల్లు పైకెక్కగానే బండి ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు.

పరుగులో బాగుండి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. అది బెల్టుతో కాక కరెంటుతో తిరుగుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, వేడిని బట్టి ఫ్యాన్‌ను నడిపే థర్మో స్విచ్ వైర్లను నేరుగా కలిపినప్పుడు ఫ్యాన్ తిరిగితే లోపం స్విచ్‌లోనే. హైవే మీదా వేడెక్కితే పూడిన రేడియేటరో, తెరుచుకోని థర్మోస్టాట్ వాల్వో కారణం కావచ్చు. కొందరు మెకానిక్‌లు వాల్వును పీకి పారేస్తారు. అది మరమ్మతు కాదు. ఇంజన్ తగినంత వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతూ సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే గాస్కెట్ చూడాలి. కొత్తది బిగించేముందు హెడ్ వంగిందేమో లేత్ షాపులో పరీక్షించాలి.