కంప్యూటర్ స్పేస్ (1971): నాలుగు బటన్ల చరిత్ర

1972లో వచ్చిన 'పాంగ్' పేరు మీరు వినే ఉంటారు. అంతకు ముందు ఏడాది నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీలు రూపొందించిన 'కంప్యూటర్ స్పేస్' పేరు చాలామంది విని ఉండరు. ఎందుకు?

'పాంగ్' ఆటగాడికి ఒక్క నాబ్ తిప్పడం వస్తే చాలు. 'కంప్యూటర్ స్పేస్'లో నాలుగు బటన్లు ఉన్నాయి. రెండు రాకెట్‌ను అటూ ఇటూ తిప్పుతాయి, ఒకటి ఇంజన్‌ను మండిస్తుంది, మరొకటి క్షిపణిని వదులుతుంది. బ్రేకు లేదు. ఇంజన్ ఆపినా రాకెట్ అదే వేగంతో సాగుతుంది. ముక్కు తిప్పినంత మాత్రాన దారి మారదు. వేగం తగ్గాలంటే రాకెట్‌ను వెనక్కు తిప్పి ఇంజన్ మండించాలి. న్యూటన్ మొదటి గమన సూత్రాన్ని గుర్తుచేసుకోండి. 1962 నాటి 'స్పేస్‌వార్' ఆడిన విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇది అలవాటే. బార్‌కు వచ్చే సామాన్యులకు కొత్త.

అయితే కష్టమే ఏకైక కారణమని తేల్చకండి. ఈ యంత్రాలు వెయ్యికి పైగా అమ్ముడయ్యాయి. పైగా 1979లో అటారి 'ఆస్టరాయిడ్స్' దాదాపు ఇదే పద్ధతిని ఐదు బటన్లతో తెచ్చి ఘనవిజయం సాధించింది. ఈ ఎనిమిదేళ్లలో పద్ధతి సులువు కాలేదు. ఆటగాళ్ల చేతులు ఆరితేరాయి. ఒక సాధనం కష్టమా, సులువా అన్నది దాన్ని వాడే తరాన్ని బట్టి కూడా ఉంటుందని గ్రహించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 'ఆస్టరాయిడ్స్' 1971లోనే వచ్చి ఉంటే అంతగా ఆదరణ పొందేదా? కారణాలతో వివరించండి.