పనిలో గాయపడితే పరిహారం కార్మికుని హక్కు
మంచాన పడిన రోజులకూ చెల్లింపు.. అవగాహన లేక నష్టపోతున్న కూలీలు

అనంతపురం: ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతమే గతి అయిన అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోయిన ప్రతిసారీ రైతు కూలీగా మారుతున్నాడు. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లు, గ్రానైట్ క్వారీలు, బెంగళూరులోని భవన నిర్మాణ పనులే అతనికి దిక్కు. అక్కడ చేయి నలిగినా, కాలు విరిగినా నెలల తరబడి ఇంటి పొయ్యి వెలగదు. ఇలాంటి తాత్కాలిక వైకల్యానికీ చట్టం పరిహారం కల్పించిందన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఈఎస్ఐ ఉంటే 90 శాతం

పది మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలలో నెలకు రూ.21 వేల వరకు వేతనం పొందేవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. పనిలో గాయపడి, ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పనికి దూరమైతే సగటు దినవేతనంలో 90 శాతం లభిస్తుంది. వైకల్యం ఉన్నంతకాలం ఇది కొనసాగుతుంది. ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మరునాడే ప్రమాదం జరిగినా అర్హులే. ఈఎస్ఐ వైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి.

ఈఎస్ఐ లేకుంటే యజమానే చెల్లించాలి

ఈఎస్ఐ లేనివారికి 1923 నాటి పరిహార చట్టం అండగా నిలిచింది. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఆ నిబంధనలను తనలో చేర్చుకుంది. దీని ప్రకారం నెలవేతనంలో 25 శాతాన్ని పదిహేను రోజులకొకసారి యజమాని చెల్లించాలి. గరిష్ఠ కాలం ఐదేళ్లు. వైకల్యం 28 రోజులకు లోపే తీరితే మొదటి మూడు రోజులు లెక్కలోకి రావు. పరిహారం లెక్కకు తీసుకునే వేతన పరిమితిని కేంద్రం 2020 జనవరిలో రూ.15 వేలకు పెంచింది.

నెలకు రూ.12 వేలు సంపాదించే కార్మికునికి ఈ పద్ధతిలో పక్షానికి రూ.3 వేలు, అంటే నెలకు రూ.6 వేలు అందుతుంది. అదే కార్మికునికి ఈఎస్ఐ ఉంటే రోజుకు రూ.360 చొప్పున నెలకు రూ.10,800 వస్తుంది. చికిత్సకు అయిన ఖర్చును యజమాని వేరుగా భరించాలి.

కాంట్రాక్టర్ కింద పనిచేసినా..

మేస్త్రీ లేదా కాంట్రాక్టర్ ద్వారా పనికి వచ్చిన కూలీ అసలు యజమాని నుంచే పరిహారం కోరవచ్చు. హక్కు వదులుకున్నట్లు కాగితంపై వేలిముద్ర వేయించుకున్నా అది చెల్లదు. అయితే మద్యం మత్తులో ఉన్నా, రక్షణ కవచాన్ని కావాలని తొలగించినా తాత్కాలిక వైకల్య పరిహారానికి అర్హత పోతుంది.

బెంగళూరులో గాయపడి స్వగ్రామం చేరినవారు మళ్లీ అక్కడికి తిరగనక్కరలేదు. తాము నివసించే ప్రాంతంలోని కార్మిక శాఖ అధికారి వద్దనే దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా క్లెయిమ్ దాఖలు చేయాలి.

ఉపాధి హామీలో..

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకానికి ఆధారమైన 2005 నాటి చట్టంలోనూ ఇటువంటి రక్షణ కల్పించారు. పని స్థలంలో గాయపడిన కూలీకి ఉచిత వైద్యంతో పాటు, ఆస్పత్రిలో ఉన్న రోజులకు కూలి రేటులో సగానికి తగ్గని భత్యం ఇవ్వాలని అందులో నిర్దేశించారు. ఇంటి వద్ద మంచాన ఉన్న రోజులకు మాత్రం ఈ భత్యం వర్తించదు.

భద్రపరచవలసినవి

ప్రమాదం జరిగిన వెంటనే యజమానికి రాతపూర్వకంగా తెలిపి నకలు ఉంచుకోవాలి. ఆస్పత్రి చీటీలు, మందుల బిల్లులు, వేతన చీటీ లేదా హాజరు పట్టీ, తోటి కూలీల సాక్ష్యం కీలకం. రుజువు లేని గాయానికి పరిహారం రాబట్టడం కష్టం. మొదటి రోజు రాయించుకున్న చీటీయే ఆ తరువాతి నెలల్లో కుటుంబానికి అన్నం పెడుతుంది.