చిన్న నగరాల్లో నడక, సైకిల్ ప్రయాణం: ఉన్న బలాన్ని నిలుపుకోవడం ఎలా?

ఇల్లు, బడి, కార్యాలయం, కూరగాయల మార్కెట్, బస్టాండ్ వంటివన్నీ చిన్న నగరంలో చాలావరకు నాలుగైదు కిలోమీటర్ల పరిధిలోనే ఉంటాయి. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కినా అయిదు కిలోమీటర్లకు 20-25 నిమిషాలు చాలు. మహానగరాలకు దక్కని సౌలభ్యమిది. అయినా ఈ నగరాల రహదారులు కూడా మోటారు వాహనాలతో నిండిపోతున్నాయి. శరీర శ్రమతో సాగే నడక, సైకిల్ ప్రయాణాలను చురుకైన రవాణా అంటారు. వాటికి బస్సుల వంటి ప్రజా రవాణాను జోడించి ఇంధన వినియోగాన్ని, కాలుష్యాన్ని తగ్గించే పద్ధతిని సుస్థిర రవాణాగా వ్యవహరిస్తారు.

ఇప్పటికే నడుస్తున్నవారు ఎందరు?

వ్యవసాయం, గృహ పరిశ్రమలు మినహా ఇతర రంగాల్లో పనిచేసే సుమారు 20 కోట్ల మంది పనికి ఎలా వెళ్తున్నారో 2011 జనగణన నమోదు చేసింది. వారిలో దాదాపు 23 శాతం మంది నడిచి, 13 శాతం మంది సైకిల్‌పై వెళ్తున్నట్లు తేలింది. మోటారు ద్విచక్ర వాహనాలు వాడేవారు కూడా సుమారు 13 శాతమే. కార్లు, జీపులు, వ్యాన్లలో వెళ్లేవారు మూడు శాతం లోపే. అంటే ప్రోత్సాహం పేరుతో ప్రజలకు కొత్త అలవాటు నేర్పవలసిన అవసరం లేదు. ఉన్న అలవాటు భయం వల్ల, అసౌకర్యం వల్ల అంతరించకుండా చూడడమే అసలు పని.

ఆ భయానికి కారణం ఉంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. మరణించిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు నడుస్తున్నవారే. పిల్లలను సైకిల్‌పై బడికి పంపేందుకు తల్లిదండ్రులు వెనకాడడం, కాస్త ఆదాయం పెరగగానే మోటార్‌సైకిల్ కొనడం ఈ నేపథ్యంలో సహజమే.

విధానాలు, న్యాయస్థానం ఏమంటున్నాయి?

రహదారులను వాహనాల కోసం కాక మనుషుల ప్రయాణం కోసం తీర్చిదిద్దాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పేర్కొంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై అడ్డంకులు లేని నడక స్థలం కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. అంతకన్నా ఎత్తయితే వృద్ధులు, దివ్యాంగులు ఎక్కలేక రోడ్డు మీదికే దిగుతారు. అడ్డంకులు లేని కాలిబాట రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద పౌరుల హక్కని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది.

దేశంలోని అనుభవాలు

కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2020 జూన్‌లో 'ఇండియా సైకిల్స్‌ఫర్‌చేంజ్' పోటీని ప్రారంభించగా వందకు పైగా నగరాలు పాల్గొన్నాయి. 2021లో ఎంపికైన 11 నగరాల్లో బెంగళూరు, సూరత్ వంటి పెద్ద నగరాలతో పాటు నాగాలాండ్ కొండల్లోని కోహిమా, తెలంగాణలోని వరంగల్ కూడా ఉన్నాయి. తాత్కాలిక అడ్డుగీతలు, రంగులతో సైకిల్ మార్గాలను ముందుగా పరీక్షించి, ప్రజల స్పందన చూసిన తరువాతే శాశ్వత నిర్మాణానికి వెళ్లడం ఈ పోటీలో ముఖ్యాంశం. తక్కువ ఖర్చుతో తప్పులు దిద్దుకునే ఈ పద్ధతి నిధుల కొరత ఉన్న పురపాలికలకు అనువైనది.

సైకిల్ చేతికందితే ఎంత మార్పు వస్తుందో బిహార్ చూపింది. తొమ్మిదో తరగతిలో చేరే బాలికలకు సైకిళ్లు కొనేందుకు ఆ రాష్ట్రం 2006లో సాయం ప్రారంభించింది. ఆ తరువాత ఉన్నత పాఠశాలల్లో బాలికల చేరిక గణనీయంగా పెరిగిందని ఆర్థికవేత్తల అధ్యయనంలో వెల్లడైంది.

పొంటెవెద్రా పాఠం

స్పెయిన్ వాయవ్య ప్రాంతంలోని పొంటెవెద్రా జనాభా సుమారు 80 వేలు. 1999లో మేయర్ అయిన మిగెల్ అన్షో ఫెర్నాండెస్ లోరెస్ పాత నగర కేంద్రాన్ని పాదచారులకే కేటాయించారు. ఇతర వీధుల్లో వేగ పరిమితిని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించారు. ఒకచోటి నుంచి మరోచోటికి నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో మెట్రో రైలు పటం తరహాలో చూపే పటాన్ని ముద్రించారు. 1996-2006 మధ్య 30 మంది ప్రమాదాల్లో మరణించిన వీధుల్లోనే ఆ తరువాతి పదేళ్లలో మరణాలు మూడుకు తగ్గాయి. నగర శివార్లలో ఉచిత పార్కింగ్ ఏర్పాటు చేయడం ఈ మార్పునకు తోడ్పడింది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా బడుల చుట్టూ 30 కిలోమీటర్ల వేగ పరిమితిని, వేగ నిరోధకాలను అమలు చేయాలి. బడి, మార్కెట్, ఆసుపత్రి, బస్టాండ్‌లను కలుపుతూ తెగిపోని కాలిబాట వేయాలి. అక్కడక్కడా ముక్కలుగా వేసిన బాట వల్ల ప్రయోజనం ఉండదు. వీధి వ్యాపారులను తరిమివేయడం కాక, 2014 చట్టం నిర్దేశించిన విధంగా వారికి స్థలాలు కేటాయించాలి. కాలిబాటలపై వాహనాలు నిలిపితే జరిమానా విధించాలి. మన ఎండలకు నీడనిచ్చే చెట్లు అలంకారం కాదు, అవసరం. కార్యాలయాలు, బస్టాండ్లలో సైకిళ్లకు భద్రమైన స్టాండు లేకుంటే సైకిల్ మార్గాలు ఖాళీగానే మిగులుతాయి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల మితమైన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వారంలో అయిదు రోజులు పనికి వెళ్లేందుకు 15 నిమిషాలు, తిరిగి వచ్చేందుకు 15 నిమిషాలు చురుగ్గా నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. పదేళ్ల బాలిక ఒంటరిగా సైకిల్‌పై బడికి వెళ్లి క్షేమంగా తిరిగి రాగలిగిన రోజున ఆ నగరం ఈ దిశలో విజయం సాధించినట్లే.